నాలుగు చక్రాలూ తిరగాలా?

క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ చేతికొచ్చిన వారానికే ఫోన్‌లో వెతికేవి మారిపోతాయి. అప్పటిదాకా ఆప్టిట్యూడ్ ప్రశ్నలు, కోడింగ్ పరీక్షలు. ఆ తర్వాత కార్లు. అందులోనూ ఎస్‌యూవీ. ఎస్‌యూవీల్లోనూ నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఆల్ వీల్ డ్రైవ్! కొండ మీద బురద చిమ్ముకుంటూ దూసుకుపోయే రీల్ ఒకటి చూశాక మామూలు బండి చప్పగా అనిపించడం సహజమే. కోరిక తప్పని అనడం లేదు. కానీ పదిహేను, పదహారు లక్షల వస్తువును ఏం చూసి పోలుస్తున్నారు? మీలో చాలామందికి జీవితంలో పెట్టబోయే మొదటి పెద్ద సంతకం ఇదే కావచ్చు. అందుకే ఈ మాటలు.

ముందు అసలు ఆ పరిజ్ఞానం ఏం చేస్తుందో చూద్దాం. మన దగ్గర అమ్ముడయ్యే చిన్న ఎస్‌యూవీలు చాలావరకు ముందు చక్రాల బలంతో నడుస్తాయి. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న చిన్న ఎస్‌యూవీ కూడా మంచి రోడ్డు మీద దాదాపు అలాగే నడుస్తుంది. ముందు చక్రం జారుతోందని సెన్సర్లు పసిగట్టినప్పుడు మధ్యలో ఉండే కప్లింగ్ బిగుసుకుని కొంత బలాన్ని వెనక చక్రాలకు పంపుతుంది. బురదలో, ఇసుకలో, తడి గడ్డి ఉన్న ఎత్తులో బండి కదలడానికి ఇది నిజంగా పనికొస్తుంది. అయితే బ్రేకు వేసినప్పుడు దీని సాయం ఏమీ ఉండదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. వానలో విజయవాడ హైవే మీద బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది టైర్లను బట్టి, మీ వేగాన్ని బట్టి ఉంటుంది. ‘నాలుగు చక్రాల బండి కదా, ఏం కాదులే’ అని వానలో వేగం పెంచేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పాలి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఓ జులైలో ఆదిలాబాద్ వైపు నల్లరేగడి దారిలో నా ముందు చక్రాల కారు కూరుకుపోయింది. నన్ను లాగడానికి వచ్చిన మిత్రుడి ఫోర్ బై ఫోర్ కూడా పది నిమిషాల్లో నా పక్కనే కూరుకుపోయింది. తీరా చూస్తే దాని టైర్లు అరిగి నున్నగా ఉన్నాయి. చివరికి ఇద్దరినీ ఒడ్డున పడేసింది ఓ రైతు ట్రాక్టర్. ఆయన డబ్బు తీసుకోలేదు గానీ, మా ఇద్దరి బండ్ల ధర మాత్రం అడిగి తెలుసుకుని నవ్వుకుంటూ వెళ్లాడు.

సరే, మార్కెట్‌లో ఏమున్నాయి? క్రెటా, సెల్టోస్ లాంటివి మన దేశంలో ఆల్ వీల్ డ్రైవ్‌తో రావు. ఆ సైజులో ఎక్కువగా వినిపించేవి మారుతీ గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, 2025లో వచ్చిన మారుతీ విక్టోరిస్. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి రాత్రంతా పోల్చే కుర్రాళ్లను చూశాను. ఇక్కడే ఒక తమాషా ఉంది. వీటి ఆల్ వీల్ డ్రైవ్ రకాల్లో ఉండేది ఒకే కుటుంబానికి చెందిన 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్. నాలుగు చక్రాలకు బలం పంపే ఏర్పాటూ అదే. కాబట్టి మీరు పోల్చాల్సింది ధర, ఫీచర్లు, వారంటీ, మీ ఊరికి దగ్గర్లో ఉన్న సర్వీస్ సెంటర్. భద్రత రేటింగ్ కూడా చూడాలి. విక్టోరిస్‌కు భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు వచ్చాయి. జిమ్నీ, థార్ దారి వేరు. వాటిలో లో రేంజ్ గేర్ ఉంటుంది. రాళ్ల దారికీ నిట్రమైన ఎత్తుకూ అసలు సిసలు బండ్లు అవే. కానీ జిమ్నీలో సీట్లు నాలుగే, డిక్కీ చాలా చిన్నది. పైగా పొడి తారు రోడ్డు మీద దాన్ని ఫోర్ వీల్‌లో పెట్టి నడపకూడదు.

ఇప్పుడు ధర. గ్రాండ్ విటారా 2022 సెప్టెంబరులో వచ్చినప్పుడు ఆల్ఫా మాన్యువల్ ఎక్స్‌షోరూం ధర 15.39 లక్షలు. అదే ఆల్ఫా ఆల్ వీల్ డ్రైవ్‌తో 16.89 లక్షలు. అంటే తేడా లక్షన్నర. ఆ తర్వాత ధరలు, రకాలు మారాయి గానీ ఈ పద్ధతి మారలేదు. ఆల్ వీల్ డ్రైవ్ పై వేరియంట్లలోనే దొరుకుతుంది. అది కావాలంటే మీకు అక్కర్లేని సన్‌రూఫ్‌కూ పెద్ద తెరకూ కూడా డబ్బు కట్టాల్సిందే. మైలేజీ సంగతికొస్తే, అప్పట్లో కంపెనీ చెప్పిన లెక్క మామూలు మాన్యువల్‌కు లీటరుకు 21.11 కిలోమీటర్లు, ఆల్ వీల్ డ్రైవ్‌కు 19.38. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే తేడా నాలుగు లీటర్ల చిల్లర. చాలామంది భయపడేంత ఏమీ కాదు. అసలు బరువు ముందే, కొనేటప్పుడే పడుతుంది.

ఎక్స్‌షోరూం ధరని ఆఫర్ లెటర్‌లోని సీటీసీ అనుకోండి. చేతికొచ్చే జీతం వేరు కదా! ఇక్కడ తేడా తగ్గడానికి బదులు పెరుగుతుంది, అంతే. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, బీమా కలిపితే ఆన్‌రోడ్ ధర లక్షల్లో పైకెళ్తుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అయితే షోరూంలోనే తీసుకోవాలన్న రూలేమీ లేదు. బయట రెండు కంపెనీల దగ్గర కొటేషన్ అడిగి, ఆ కాగితం చూపించి బేరమాడండి. పది లక్షలు దాటిన కారు మీద ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. అది మీ పాన్ మీద నమోదవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు చాలామంది దీన్ని మరిచిపోతారు.

అప్పు దగ్గరికి వద్దాం. పన్నెండు లక్షలు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ అనుకుందాం. ఐదేళ్లకైతే నెలకు దాదాపు 25,200. ‘అమ్మో’ అనగానే సేల్స్ అబ్బాయి ఏడేళ్లంటాడు. వాయిదా 19,600కి దిగుతుంది. హాయిగా అనిపిస్తుంది. కానీ ఐదేళ్లలో కట్టే వడ్డీ 3.12 లక్షలైతే, ఏడేళ్లలో 4.47 లక్షలు. నాలుగు లక్షల ప్యాకేజీలో చేతికొచ్చేది ముప్పై వేలకు అటూ ఇటూ. అందులో 19,600 పోతే హాస్టల్ అద్దెకు ఏం మిగులుతుంది? డౌన్ పేమెంట్ ఐదారు లక్షలు ఎక్కడివి? చాలా ఇళ్లలో అవి నాన్న పీఎఫ్, అమ్మ బంగారం. కొత్తగా చేరినవాళ్లని బ్యాంకు సహ దరఖాస్తుదారుణ్ని తెమ్మని అడగడమూ మామూలే. అక్కడ పడేది నాన్న సంతకం. మీ వాయిదా తప్పితే ఆయన సిబిల్ స్కోరూ పడుతుంది. రేపు తమ్ముడి విద్యా రుణానికి బ్యాంకు చూసేది ఆ స్కోరునే.

ఇంకో నష్టం ఏ పట్టికలోనూ కనపడదు. ఉద్యోగంలో తొలి రెండు మూడేళ్లే కదా, నచ్చని పని వదిలేసి, జీతం కాస్త తగ్గినా నేర్చుకునే చోటికి మారగలిగే కాలం! నెలకు ఇరవై వేల వాయిదా మెడలో ఉన్నవాడు మేనేజర్ ఏమన్నా తలూపుతాడు. ప్రొబేషన్ పూర్తవకుండానే లేఆఫ్ వస్తే బండి ఇంటి ముందే ఉంటుంది, వాయిదా ఆగదు. నన్నడిగితే మాత్రం ఉద్యోగం పర్మనెంట్ అయ్యేదాకా కొత్త కారు ఊసే వద్దంటాను.

మరి ఆల్ వీల్ డ్రైవ్ ఎవరికి? రోజూ చేల గట్ల మీదుగా, గనుల్లోకి, తారు లేని కొండ దారుల్లో సౌర, పవన విద్యుత్ సైట్లకు వెళ్లేవాళ్లకి. అలాంటి ఉద్యోగమైతే కంపెనీ వాహనం ఇస్తుందా, లేక మీ బండికి కిలోమీటరు చొప్పున డబ్బు ఇస్తుందా అని ఇంటర్వ్యూలోనే అడగండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఏడాదికోసారి అరకు, లంబసింగి వెళ్లడానికైతే ముందు చక్రాల బండి, మంచి టైర్లు చాలు. ఆ ఘాట్లలో ఆర్టీసీ బస్సులు వెనక చక్రాల బలంతోనే ఎక్కుతున్నాయి.

అమెరికా, కెనడా వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి లెక్క కొంచెం వేరు. అక్కడ మంచు కురిసే రాష్ట్రాల్లో ఆల్ వీల్ డ్రైవ్ మామూలు విషయం. సుబారు క్రాస్‌ట్రెక్‌లో అది అన్ని రకాల్లోనూ వస్తుంది, హోండా సీఆర్‌వీలో అడిగి తీసుకోవాలి. అయినా కెనడాలోని క్యూబెక్‌లో చట్టం డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా కారుకు ఉండాలంటున్నది చలికాలపు టైర్లు. ఆల్ వీల్ డ్రైవ్ ఉండి తీరాలని అనడం లేదు. వాటికీ కొంత డబ్బు పక్కన పెట్టుకుని వెళ్లండి.

అన్నీ చూసుకుని కొనే స్థితికి వచ్చారనుకుందాం. టెస్ట్ డ్రైవ్‌కి స్నేహితులతో కాకుండా అమ్మానాన్నల్ని తీసుకెళ్లండి. వెనక సీట్లో అరగంట కూర్చునేది వాళ్లే. ధరల విడివిడి లెక్క కాగితం మీద అడగండి. ‘హ్యాండ్లింగ్ చార్జీలు’ అన్న వరుస కనిపిస్తే అదెందుకో చెప్పమనండి, తీసేయమనండి. ఆల్ వీల్ డ్రైవ్ బండికి నాలుగు టైర్లూ ఇంచుమించు సమానంగా అరగాలి, లేకపోతే కప్లింగ్ మీద భారం పడుతుంది. కాబట్టి టైర్ల సెట్ ధర కూడా అప్పుడే కనుక్కోండి. డెలివరీకి ముందు పగటి వెలుతురులో బండి చుట్టూ తిరిగి, ఛాసిస్ నంబరు బిల్లుతో సరిచూసి, తయారైన నెల ఏదో అడగండి. జనవరిలో కొంటుంటే ఈ ప్రశ్న తప్పనిసరిగా అడగాలి. నిరుటి బండి అని తేలితే డిస్కౌంట్ అడిగే హక్కు మీదే.