వేట ఆగిన రెండు నెలలు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బందరు దగ్గరి గిలకలదిండి హార్బరులో మరపడవలు ఒడ్డుకే కట్టేసి ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో వలలు బాగుచేసుకుంటారు, ఇంజన్లు విప్పి సరిచేయిస్తారు. పడవ నడిపే మనిషికి మాత్రం మరమ్మతు లేదు.

ఎండ, ఉప్పుగాలి, నీళ్ల మీంచి కొట్టే వెలుతురు ఏళ్ల తరబడి తగిలితే కంట్లో కండ పెరుగుతుంది. అది నల్లగుడ్డు మీదికి పాకితే చూపు మసకబారుతుంది. తడి తాళ్లు లాగి లాగి నడుము పట్టేస్తుంది. బీపీ అయితే చెప్పకుండానే వస్తుంది. పైగా ఎండుచేప! రుచికి వంక పెట్టలేం గానీ, రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఆ కూర దగ్గర తప్పుతుంది. వండేముందు వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోస్తే కొంత నయం.

బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. నిషేధకాలపు భృతి కోసం మత్స్యకారుల పేర్లు ఎలాగూ రాసుకుంటారు. ఆ పేర్లు రాసే బల్ల పక్కనే కళాశాల తరఫున ఒక బీపీ మిషను, కళ్లు చూసే మనిషి ఉంటే పోయేదేముంది? రాబడి లేని రోజుల దిగులు గురించి, ముదిరిన తాగుడు గురించి అడిగేవాళ్లూ అక్కడే ఉండాలి. చేపలు ఎండబెట్టే ఆడవాళ్లను కూడా ఆ వరుసలోకి పిలవాలి. వాళ్లు కూర్చునేదీ ఆ ఎండలోనే.