పాత గొంతుకకు కొత్త పక్కవాద్యం

ఏనుగు మల్లమ్మ కొండ అని మన పెద్దలు పిలుచుకొన్నదియు, కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర వేసవి విడిదిగా మలచుకొన్న నాటినుండి ఆయన పేరు మోయుచున్నదియు అగు కొండమీద, నీలగిరి చెట్ల ఆకులనుండి మంచు బొట్లు బొట్లుగా రాలుచుండిన ఒక మాఘమాసపు ప్రాతఃకాలమున, టీ అంగడి ముందరి బల్లపై కూర్చుండి, అంగడివాని సెల్‌ఫోనులో మ్రోగుచుండిన ఘంటసాల పాట నొకదానిని వింటిమి. పాట మాకు చిన్ననాటినుండి కంఠస్థమైనదే. కాని పల్లవి ముగిసినంతనే మేము ఎదురుచూచిన వేణువు రాలేదు. దానికి బదులు ముప్పదియో నలువదియో వయొలిన్లు ఒక్కుమ్మడిగా లేచి, కొండచరియపై వాన దిగినట్లు దిగి, గాయకుడు చరణ మెత్తుకొనువరకు ఆగలేదు. మా ముఖము చూచి అంగడివాడు, "పాత పాటే సామీ, కొత్తగా సోకు చేసినారు. గొంతు మాత్రం ఆయనదే" అన్నాడు.

ఆ 'మాత్రం' అను మాటయే మమ్ము పట్టి నిలిపినది. ఘంటసాల కాలమున మదరాసు స్టూడియోలలో పాట యనగా గాయకుడును వాద్యబృందమును ఒకే శాలలో, ఒకే వేళ, మొదటినుండి తుదివరకు కలిసి నడిచిన ఒక ప్రయాణము. తబలావాని వ్రేలు తడబడినను, గాయకునకు దగ్గు వచ్చినను మరల మొదటినుండియే. ఆ కలయికలో గాయకుని ఊపిరి వయొలినువాని కమానుతో ముడివడియుండును. చరణము చివర ఆయన స్వరమును కొంచెము లాగినాడన్నచో, ఎదుట కూర్చున్న వేణువు అందుకొనుటకు సిద్ధముగా నున్నదని ఎరిగి లాగినాడు. అంతయు కలిసి ఒకే పట్టీమీద ముద్దగా నిలిచినది. ఆ ముద్దలోనుండి గొంతును విడదీయు నేర్పు ఇటీవల యంత్రమునకు అబ్బినది. అయినను చెవి యొగ్గి వినినచో, గొంతు వెనుక పాత హార్మోనియం నీడ, పలకపై సరిగా తుడువని అక్షరమువలె, ఇంకను కనిపించుచునే యుండును. ఎవరికో బదులు చెప్పుచున్న మనిషి నోటిమాటను మాత్రము కత్తిరించి, వేరొకరి ప్రశ్నకు అతికించినట్లుండును ఆ పని.

ఈ వేడుక మన దేశమున పుట్టినది కాదు. ఆఫ్రికన్ అమెరికనుల చర్చిగానము ఒడిలో పెరిగిన 'సోల్' సంగీతమునకు మకుటముగా చెప్పుకొనబడు అరీతా ఫ్రాంక్లిన్ పాత పాటలను, 2017లో, లండనులోని రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందముతో క్రొత్తగా అలంకరించి వెలువరించినారు. అప్పటికామె వయస్సు 75 ఏండ్లు. మరుసటి ఏట ఆగస్టులో ఆమె కన్నుమూసినది. ఆ కంఠమునకు ఏ అలంకారమైనను చాలదనియు, అక్కరలేదనియు ఏకకాలమున అనిపించుట మా అనుభవము. ఒక్కటి మాత్రము గమనింపదగినది: ఆమె తన పాటలు పెక్కింటికి పియానో తానే వాయించుకొన్నది. ఏ మాట వెనుక ఎంత మౌనముండవలెనో ఆ వ్రేళ్ళకు తెలియును, ఏలయన గొంతును వ్రేళ్ళును ఒకే మనిషివి. వంద తంత్రులు చేరినను ఆ ఎరుక వచ్చునా?

అట్టి ఎరుకకు ఉదాహరణము మన ఇంటనే కలదు. 1957 మార్చి 27న విడుదలయిన 'మాయాబజార్'కు నాలుగు బాణీలు కట్టి సాలూరు రాజేశ్వరరావు తప్పుకొనగా, మిగిలిన సంగీతమంతయు ఘంటసాల సమకూర్చుటయే కాక, ఆ నాలుగు బాణీలకును వాద్యసమ్మేళనము కూర్చి రికార్డు చేయించినాడు. ఆ నాలుగింటిలో ఒకటియగు మోహనరాగపు పడవపాటను, ఆయనయు పి. లీలయు పాడినదానిని, ఇన్నేండ్లుగా వినుచున్నాము గదా, బాణీ ఒకరిది, వాద్యముల కూర్పు మరియొకరిది అను అతుకు ఎవరి చెవికైనను తగిలినదా? తగులదు. కూర్చినవాడే పాడవలసినవాడు, తాను ఊపిరి తీయు తావున వాద్యమునకు చోటిచ్చి, తాను నిలుచు తావున దానిని ఊరకుండజేసినాడు. విజయనగరపు సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి పాదములకడ నేర్చిన విద్యయంతయు ఆ ఊరకుండుటలో వినిపించును. అదే చిత్రమునకు 2010 జనవరి 30న హైదరాబాదులోని ఒక సంస్థవారు రంగులద్ది, ధ్వనిని ఏకపట్టీనుండి బహుముఖముగా విస్తరించి, నేపథ్య సంగీతమును మరల వాయించి విడుదల చేసినారు. ఎనిమిది నెలల శ్రమ అది. ప్రతి చెడినందున మూడు పాటలు అందు చేరలేదు. చేరని ఆ మూడు పాటలే వారు మనకు చెప్పిన నిజము: పాతది కరగిపోవుచున్నది, పట్టుకొనువాడు త్వరపడవలెను. కావున ఈ పనులు చేయువారిని దూషించుట మా ఉద్దేశము కాదు.

అసలు వయొలినునే పరాయిదనుట ఎట్లు? బాలుస్వామి దీక్షితులు తెల్లవారి బాండునుండి దానిని పట్టి మన రాగమునకు మచ్చిక చేయనిచో నేడు కచేరీ ఎట్లుండెడిదో! ఈ కొండమీద 1859లో నాటిన నీలగిరి చెట్టును కళ్యాణి యని ముద్దుపేరుతో పిలుచుచు, దాని జాతి ఆస్ట్రేలియాదను సంగతియే మరచినాము.

కొండ దిగి ఆరేడు కోసులు పోయినచో మదనపల్లె. అనీబిసెంటు పేరిట వెలసిన థియొసాఫికల్ కళాశాలకు 1919 ఫిబ్రవరిలో అతిథిగా వచ్చిన రవీంద్రనాథ ఠాకూరు, తన 'జనగణమన'ను విద్యార్థుల ఎదుట పాడినారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్, ఐర్లండులో సంగీతమున పట్టము పుచ్చుకొన్న విదుషి, ఆ పాటకు పాశ్చాత్య స్వరలిపి వ్రాసి కవి సమ్మతి పొందినది. కవి ఆ దినములలోనే దానిని 'భారత ఉదయగీతము' అను అర్థమువచ్చు పేరుతో ఆంగ్లమున వ్రాసి ఇచ్చినాడు. స్వరమునుండి స్వరమునకు జారు వంగదేశపు గొంతుకలోని ఆ జారును అయిదు గీతలమీద చుక్కలతో పట్టుట ఎంత కష్టమో ఆమెకు తెలిసియే యుండును. కాని పాడినవాడు ఎదుట నున్నాడు. పాడించుకొని, వాయించి చూపి, సరియా యని అడుగుటకు వీలున్నది.

తరువాతి కథకు అట్టి వీలు లేదు. 1947లో న్యూయార్కున ఐక్యరాజ్య సమితి సభలో మీ జాతీయగీత మేదియని అడుగగా, మనవారివద్ద నున్న గ్రామఫోను రికార్డునే అచ్చటి వాద్యబృందమున కిచ్చిరనియు, వారు దానిని విని సాధనచేసి వాయింపగా అందరును మెచ్చిరనియు నెహ్రూ 1948 ఆగస్టులో రాజ్యాంగ సభకు తెలిపినాడు. పిమ్మట ఆంగ్ల స్వరకర్త హెర్బర్ట్ మరిల్ దానికి వాద్యసమ్మేళనము కూర్చినాడు. 1950 జనవరి 24న జాతీయగీతమై, 52 సెకనుల కొలతలో, కవాతు నడకలో నేడు మనలను నిలువబెట్టుచున్నది. నిలువబెట్టుటకు ఆ నడకయే కావలెను, కాదనము. కాని మదనపల్లె విద్యార్థులు కూర్చుండి విన్న పాట వేరు. దాని నిదానమును వినగోరువానికి నేడు ఏ బాండును తోడురాదు.

ఎదుటి మనిషిని విని కూర్చుట ఒకటి, రికార్డును విని కూర్చుట ఒకటి, రికార్డులోని తోడివారిని తుడిచివేసి కూర్చుట మరియొకటి. మూడవదియే నేడు విరివిగా సాగుచున్నది. చేయువారిని మేము కోరునది రెండే: గాయకుడు మౌనము వహించిన తావును వయొలిన్లతో పూడ్చవలదు; తుడిచివేసిన ఆ వేణువు ఎవరిదో తెలిసినచో అతని పేరొకటి అట్టమీద వేయవలెను. పాత రికార్డుల అట్టలమీద సైతము ఆ పేర్లు అరుదే. ఆ అపరాధము మన తాతలది, దానిని రెట్టింపు చేయుట ఎందులకు?

కొత్తపాట ముగిసినది. పాతదానినే వినిపింపుమని అడుగగా అంగడివాడు ఫోనును అటునిటు త్రిప్పి, "మంచు పట్టింది సామీ, సిగ్నల్ అందదు" అని దానిని డబ్బాలపై పెట్టి, పాలు పొంగకుండ గరిటె త్రిప్పుచు పల్లవిని తానే సన్నగా కూనిరాగము తీసినాడు. వేణువు రావలసిన తావు వచ్చినది. పెదవులు ముడిచి, ఆ నాలుగు స్వరములను ఈలవేసి, "చక్కెర ఎంత వేయమంటారు సామీ?" అని అడిగినాడు.