ఊరి నిండ తాళాలే.. అడిగితె ‘కిరాయికి ఇల్లు లేదు’!

మీ ఊర్ల ఒక్కపారి వాడవాడ తిరిగి లెక్కవెట్టుండ్రి తమ్ముల్లారా, చెల్లెల్లారా. ఎన్ని ఇండ్లకు తాళాలున్నయో మీకే ఎరుకైతది. కొడుకు పట్నంల కొలువు జేస్తున్నడు, అవ్వ అయ్య ఆయిన కాడికే పోయిన్రు. ఆ ఇంటికి తాళం. మొగడు దుబాయిల ఉన్నడు, పిల్లల సదువు కోసం పెండ్లాం జిల్లా కేంద్రంల కిరాయికి దిగింది. ఆ ఇంటికీ తాళమే. ముసలవ్వ కాలం జేసింది, అన్నదమ్ముల పంపకాలు తెగలేదు. దానికి రెండు తాళాలు!

2011 జనాభా లెక్కలు తీస్తె దేశంల ఖాళీగ ఉన్న ఇండ్లు దగ్గరదగ్గర 2 కోట్ల 46 లక్షలు. అండ్ల సగానికి మించి పల్లెల్లనే ఉన్నయి. అవే లెక్కల్ల ఇంకో ముచ్చట సుత ఉన్నది. పట్నాలల్ల నూటికి 27 కుటుంబాలు కిరాయి ఇండ్లల్ల ఉంటె, పల్లెల్ల నూటికి నాలుగు సుత లేవు. అంటె ఊర్ల ఇల్లు ఖాళీగ ఉంటది గని కిరాయికి రాదు. ఎందుకు రాదు? దీని మీద ఎవ్వలు మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడుత.

మునుపు ఊరికి బయటోల్లు వచ్చుడే తక్కువ. ఇప్పుడు గట్ల లేదు. 2018ల కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది, తండాలు, గూడాలు పంచాయతీలైనయి. ఊరికో కార్యదర్శి ఉండాలెనని 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు నోటిఫికేషన్ ఏసిన్రు. 2024 డీఎస్సీ 11,062 టీచర్ పోస్టులకు పడ్డది. ఈ కొలువులు కొట్టినోల్లు ఎవలు? మన అసొంటి ఊర్లకెల్లే సదువుకొని వచ్చిన పిల్లలు. అండ్ల మాల మాదిగ పిల్లలున్నరు, లంబాడ, కోయ, గోండు పిల్లలున్నరు, బీసీలున్నరు, ముస్లింలున్నరు. ఏఎన్ఎం, లైన్‌మన్, బ్యాంకు క్లర్కు సుత గిట్లనే ఊరికి వస్తరు. కొలువు సర్కారు ఇచ్చింది. తలదాచుకునే జాగ మాత్రం ఊరే ఇయ్యాలె.

ఊరు మొదాలు పేరు అడుగుతది. పేరుతోని తెల్వకపోతె ఇంటిపేరు అడుగుతది. దాంతోని సుత తెల్వకపోతె ‘మీది ఏ ఊరు, అక్కడ ఏ వాడ, ఫలానాయిన మీకేమైతడు’ అని సుట్టు తిప్పి అడుగుతది. ఎన్ని నెలలుంటవు, కిరాయి టైముకు కడ్తవా అనే ముచ్చట ఆఖరుకు వస్తది. చానమందికి అక్కడిదాంక రానే రాదు.

రెండేండ్ల కింద కొత్తగ టీచరైన ఒక తమ్మునితోని ఇంటి కోసం నేనూ తిరిగిన. రెండు అర్రల ఇల్లు, నల్లా ఉన్నది, బాత్రూం ఉన్నది. ఇంటామె మంచిగ మాట్లాడింది, చాయ్ పోసింది, కిరాయి రెండువేలు అన్నది. పోయేటప్పుడు ‘మీరెవలోల్లు బిడ్డా?’ అని అడిగింది. తమ్ముడు దాయకుంట చెప్పిండు. ఆమె కోపం జెయ్యలే, తిట్టలే. ‘మా కోడలు కానుపుకు వస్తది బిడ్డా, మర్సేపోయిన’ అన్నది. కోడలు రాలే. ఇల్లు ఖాళీగనే ఉన్నది. ఆ తమ్ముడు రోజు పొద్దుగాల బండి మీద వచ్చి మాపటికి పోతున్నడు.

గీడనే అసలు కిటుకున్నది. ఊర్ల ఎవ్వలు ‘నీ కులానికి ఇయ్య’ అని మొఖం మీద అనరు. కోడలు వస్తదంటరు, ఇల్లు కురుస్తదంటరు, ఇంట్ల దేవునర్ర ఉన్నదంటరు. లొల్లి లేదు, కేసు లేదు. ఫోన్ల ‘పల్లె అంటె ప్రశాంతత’ అని రీల్స్ చూస్తం కదా, ఊర్ల సప్పుడు లేదని మురుస్తం కదా. ఆ సప్పుడు లేకపోవుట్ల ఇది సుత ఒకటి.

ఒంటరి ఆడిబిడ్డ అయితె ఇంకో పరీక్ష. పెండ్లయిందా, కాకపోతె ఎందుకు కాలే, అయితె ఆయినేడి, ఆదివారం ఎవలొచ్చిన్రు? పంచాయతీ ఆఫీసుల ఊరి లెక్కలన్ని రాసే పిల్ల, తన ఇంటికి ఎవలొచ్చిన్రో వాడకంతా లెక్క చెప్పాలె.

ఇగ నాట్లప్పుడు బెంగాల్, బీహార్ నుంచి వచ్చేటోల్లను చూడుండ్రి. ఇటుక బట్టీలకు ఒడిశా కుటుంబాలొస్తయి. రైసు మిల్లుల్ల మూటలు మోసేది చానకాడ బీహారోల్లే. వాల్లు పండుకునేది యాడ? పొలం కాడ కవర్ల గుడిసెల, మోటరు కొట్టంల, మిల్లు షెడ్డుల. మన అన్నలు దుబాయిల ఒక్క అర్రల పదిమంది పండుకుంటున్నరని మనం బాధపడ్తం. బాధపడాలె. గని మన వరి నాటేటోడు మన ఊర్ల వాన నీల్లల్ల పండుకుంటె మనకు పట్టది.

‘సార్లు ఊర్ల ఉంటలేరు, బస్సు దిగుడు బస్సెక్కుడే’ అని ఊర్ల అందరు అంటరు. అండ్ల నిజమున్నది. పిల్లల కాన్వెంట్ సదువుల కోసం టౌన్ల ఉండేటోల్లు మస్తుమంది. గని ఉందామని వచ్చినోన్ని సుత తిప్పి పంపితె ఆ మాట అనే హక్కు ఊరికి యాడిది? ఇంకో లెక్క చూడుండ్రి. మొన్నటి పీఆర్సీల పల్లెల్ల పనిజేసేటోల్లకు మూలవేతనం మీద 11 శాతం ఇంటికిరాయి భత్యం పెట్టిన్రు. ఊర్ల ఇల్లు దొరికితె ఆ పైసలు ఊర్లనే పడుతుండె. ఇప్పుడవి పెట్రోలు బంకుకు, టౌన్ల ఇంటి ఓనర్‌కు పోతున్నయి.

చట్టం ఏమంటది? చానకాలం సంది అమల్ల ఉన్న 1960 నాటి కిరాయిల కంట్రోల్ చట్టం హైదరాబాద్, మున్సిపాలిటీల కోసం పెట్టింది. దాంట్ల పల్లె లేదు. 2020ల వలస కూలీల కోసం కేంద్రం కిరాయి ఇండ్ల స్కీం తెచ్చింది, అది సుత పట్నాలకే. ఇందిరమ్మ ఇండ్లు సొంత జాగ ఉన్నోల్లకు 5 లక్షలిస్తయి, మంచిదే. కిరాయికుండేటోడు అనే మనిషి పల్లెల ఉంటడని ఈ స్కీంలల్ల ఎవ్వలు అనుకోలే.

రాజ్యాంగంల 15వ ఆర్టికల్ దుకాణం, హోటల్, బాయి, చెరువు, తొవ్వ కాడ కుల వివక్ష వద్దని చెప్పింది. సొంతిల్లు కిరాయికి ఇచ్చే ముచ్చట ఆ లిస్టుల లేదు. గని 17వ ఆర్టికల్ అంటరానితనం ఏ రూపంల ఉన్నా తప్పే అన్నది. 1955 పౌర హక్కుల రక్షణ చట్టం, బహిష్కరణ అంటె ఏందో చెప్పేకాడ ఇల్లు కిరాయికి ఇయ్యకపోవుడును సుత రాసింది. 2016 జనవరి సంది అమల్లకు వచ్చిన ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను నేరం జేసింది. కాయితం మీద బలమున్నది. గని ‘కోడలు వస్తది’ అన్న మాటను కోర్టుల ఎట్ల రుజువు జేస్తం? అందుకే ఇది ఒక్క పోలీస్‌స్టేషన్ల తేలేది కాదు, ఊర్లనే తేలాలె.

ఇంటోల్ల భయాలు సుత ఇనాలె. ‘పన్నెండేండ్లుంటె ఇల్లు వానిదే అయితదట కదా’ అంటరు. అది సగం తెలిసిన మాట. నువ్వు కిరాయికిస్తె, నీ ఒప్పుకోలు మీద ఉన్నోనికి కిరాయిదారుగ ఉన్నన్ని రోజులు గట్ల హక్కు రాదు. కిరాయి కాయితం రాసుకుంటె, నెలనెల రసీదు ఇస్తె ఇంటోనికే రుజువు. ఏడాదికి మించిన కిరాయి ఒప్పందం రిజిస్టర్ జెయ్యాలె, అందుకే అందరు 11 నెలలకు రాసుకుంటరు. వేరే ఒప్పందం లేకపోతె 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద నెల కిరాయి ఇంటికి 15 రోజుల నోటీసు. ఇది పల్లెకూ వర్తిస్తది. అంటె కిరాయిదారుని రాత్రికి రాత్రి సామాన్లు బయటేసి ఎల్లగొట్టుడు నడవది, ఇంటోడు ఇల్లు పోతదని భయపడే పని సుత లేదు.

మరి ఏం జెయ్యాలె? మొదటిది, గ్రామసభల అడుగుండ్రి. ఊర్ల ఖాళీ ఇండ్లు ఎన్ని, కిరాయికి ఇచ్చేటియి ఎన్ని అని పంచాయతీల ఒక రిజిస్టర్ పెట్టుమనుండ్రి. ఇల్లు కావాల్నన్నోడు ఇంటింటికి తిరిగి కులం చెప్పుకునే పని లేకుంట, పంచాయతే ఇల్లు చూపియ్యాలె. రెండోది, తెలుగుల ఒక పేజీ కిరాయి కాయితం తయారుజేసి పంచాయతీ ఆఫీసుల పెట్టాలె. మూడోది, నాట్ల సీజన్ల కూలీలకు కమ్యూనిటీ హాలు ఇయ్యాలె, నీల్లు, లెట్రిన్ సుత సూపెట్టాలె.

నాలుగోది మీ ఇంట్ల పని. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌ల రూం కోసం తిరిగి తిరిగి, ‘బ్యాచిలర్స్‌కు ఇయ్యం’ అంటె మీకు ఎంత మండుతదో నాకెరుకే. ‘మీరేంట్లోల్లు’ అని అడిగితె ఇంకెంత మండుతదో సుత ఎరుకే. ఊర్ల మీ తాళం ఏసిన ఇల్లు ఎవలకు ఇయ్యాలెనో ఇంట్ల మాట్లాడేటప్పుడు మీరు సప్పుడు జెయ్యకుంట ఉండొద్దు. అవ్వతోని, నాయినతోని కూసొని మాట్లాడుండ్రి. ‘కిరాయి కట్టేటోడా, ఇల్లు మంచిగ చూసుకునేటోడా, ఈ రెండే అడుగుదాం నాయినా’ అని చెప్పుండ్రి. వాల్లు ఒక్కపారే ఒప్పుకోరు. మల్ల చెప్పుండ్రి.