పాత లాప్‌టాపు: వేగమునకు ముందు చల్లదనము

కృష్ణానగరమునుండి అమీర్‌పేట మైత్రీవనము వైపు పోవువారికి కంప్యూటరు శిక్షణాలయముల ప్రకటన పలకలు ఎల్లెడల కానవచ్చును. జిల్లాలనుండి వచ్చి యిచ్చటి హాస్టళ్లలో నుండి చదువుకొను యువజనులు పెక్కురు. క్రొత్త లాప్‌టాపు కొనగలవా రందఱును కారు. అన్న వాడినది తమ్మునకు వచ్చుట మన యిండ్లలో సామాన్యము. అది మందగించినప్పుడు "ప్రాసెసరు మార్చిన చాలు" నను సలహా సులభముగా దొరకును. దానిని తొందరపడి యనుసరింపరాదని మా యభిప్రాయము.

మొదట మార్చుటకు వీలున్నదా యని చూడవలయును. 2012 ప్రాంతపు లాప్‌టాపులు పెక్కింటిలో ప్రాసెసరు సాకెట్టులో నమర్పబడి యుండును. దానిని తీసి వేఱొకటి పెట్టవచ్చును. 2015లో విరివిగా వచ్చిన యైదవ తరము మొదలు ఇంటెల్ లాప్‌టాపు ప్రాసెసర్లు బోర్డునకే యతికింపబడి వచ్చుచున్నవి. అట్టివానిపై ఆశ విడువవలసినదే.

సాకెట్టున్నను చిక్కు తీరదు. ఐ5-3210ఎం అను ప్రాసెసరునకు రెండు కోర్లు, 35 వాట్లు. ఐ7-3610క్యూఎం అనుదానికి నాలుగు కోర్లు, 45 వాట్లు. రెండును ఒకే విధమగు సాకెట్టులో నిముడును. బయాస్ అంగీకరించినచో రెండవది పనియు చేయును. కాని ప్రాసెసరు త్రాగిన విద్యుత్తంతయు తుదకు వేడిగా మాఱును గదా! 35 వాట్లకు తగినట్లు చేసిన రాగిగొట్టమును, చిన్న ఫ్యానును ఆ యదనపు వేడిని మోయలేకపోవచ్చును. వేడి నూఱు డిగ్రీలను సమీపింపగా ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అప్పటికిని తగ్గనిచో యంత్రము ఆగిపోవును. కొన్న వేగము పోయి ఖర్చు మాత్రము నిలుచును.

ఈ పాఠమును మేము డబ్బిచ్చి నేర్చుకొంటిమి. ప్రాసెసరు మార్పించిన పిదప మే నెల మధ్యాహ్నమున మా యంత్రము రెండుమాఱు లాగిపోయెను. విప్పి చూడగా గాలి పోవు రేకులసందున దుమ్ము కంబళివలె పేరుకొని యుండెను. థర్మల్ పేస్టు ఎండి సుద్దవలె రాలుచుండెను. దుమ్ము తుడిచి, క్రొత్త పేస్టు పూసి, పాత ప్రాసెసరునే మరల పెట్టగా యంత్రము నిమ్మళముగా పనిచేసెను. లోపము దాని శక్తిలో లేదు, దాని యూపిరిలో నున్నది!

పాతదానిపై వ్యయము వృథా, క్రొత్తది కొనుట మేలనువారు కలరు. ఆ సొమ్ము పిల్లవాని ఫీజు సొమ్మైన యింట ఆ మాట చెల్లదు. కావున తలిదండ్రులకు మా మనవి యిది: మొదట దుమ్ము తీయించి పేస్టు మార్పింపుడు. ఇంకను మందముగా నున్నచో హార్డు డిస్కునకు బదులు ఎస్సెస్డీని పెట్టించి, ర్యాము పెంచుడు. ఇవి వేడిని అంతగా పెంచక మేలు చేయును. ప్రాసెసరు సంగతి చివరకు చూడవచ్చును.

విద్యార్థులారా, లాప్‌టాపును పఱుపుమీద పెట్టి వాడకుడు. క్రిందనుండి గాలి పీల్చు రంధ్రములు మూసికొనిపోవును. వేసవిలో గది గాలియే 40 డిగ్రీలున్నప్పుడు ఫ్యాను దానికంటె చల్లని గాలిని తేజాలదు. విప్పునప్పుడు విద్యుత్తీగను, బ్యాటరీని ముందుగా వేఱుచేయుట మఱువకుడు. ఉన్నదానిని చక్కగా నుంచుకొన నేర్చినవానికే, క్రొత్తది యెప్పుడు కావలయునో తెలియును.