టీకా కార్డు ఏ పెట్టెలో ఉంది?

ఆ రోజు ఎనిమిదో తరగతిలో సమాసాలు చెబుతున్నాను. పాఠంలోని ఉదాహరణలు పిల్లలకు పాతబడిపోయాయని, సైన్సు పుస్తకంలో కనబడిన ‘బ్యాక్టీరియా భక్షకి’ అనే మాట బోర్డు మీద రాసి విగ్రహవాక్యం అడిగాను. “బ్యాక్టీరియాను భక్షించేది” అని వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది. దాని వెంటే ఒక ప్రశ్న కూడా వచ్చింది. “మేడమ్, అది మన మెదడును కూడా భక్షిస్తుందా?”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. జవాబు తెలియకపోవడమే కారణం. తెలుగు టీచరుకు వైరస్‌లతో పనేమిటి అనుకోవచ్చు. కానీ మాట రాసింది నేనే కాబట్టి జవాబు వెతికే బాధ్యత నాదే. వారం రోజులు చదివాను, మా జీవశాస్త్రం మేడమ్‌ను విసిగించాను.

ఆ మాట పుట్టింది ఫ్రెంచిలో. వీధి పేర్ల ముందు ఇప్పటికీ ‘రూ’ కనబడే ఈ ఊళ్లో అది వింత కాదు. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఫెలిక్స్ డెరెల్ 1917లో ఈ సూక్ష్మజీవులకు బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టారు. రెండేళ్ల ముందే ఇంగ్లండులో ఫ్రెడరిక్ ట్వార్ట్ వీటి పనితీరును గమనించారు. ఇవి బ్యాక్టీరియా మీద మాత్రమే వాలతాయి. మన కణాల మీద, అందులోనూ నరాల కణాల మీద, వీటి పంట్లు దిగవు. కాబట్టి ఆ అబ్బాయికి మొదటి జవాబు: భక్షించదు.

మెదడు దాకా వెళ్లగలవా అంటే, వెళ్లగలవు. 1943లో అమెరికాలో రెనె డ్యూబో బృందం ఎలుకల మెదడులోకి విరేచనాల జబ్బు కలిగించే బ్యాక్టీరియాను ఎక్కించి, ఫేజ్‌లను పొట్టలోకి ఇంజెక్షన్ చేసింది. అవి మెదడుకు చేరి చాలా ఎలుకలను బతికించాయి. 2022లో స్పెయిన్ పరిశోధకులు మరో సంగతి ప్రచురించారు. మన పేగుల్లో ఉండే ఫేజ్‌లలో ఒక రకం ఎక్కువగా ఉన్నవారు జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగ్గా చేశారట. మొదట 114 మందిలో, తర్వాత 942 మందిలో చూశారు. పాలను తోడుపెట్టే బ్యాక్టీరియా మీద బతికే ఫేజ్‌లను ఈగలకు మేతలో కలిపి ఇస్తే వాటికీ జ్ఞాపకశక్తి పెరిగింది.

ఇది చెప్పగానే తరగతిలో సగం మంది పరీక్షల ముందు రోజూ రెండు గిన్నెల పెరుగు తింటామన్నారు. తినండి, మంచిదే. కానీ ఈగకు జరిగింది మీకూ జరుగుతుందని ఆ పరిశోధకులు అనలేదు. మనుషుల్లో ఆ రెండూ కలిసి కనబడ్డాయన్నారే గాని, ఒకటి రెండోదాన్ని తెచ్చిపెట్టిందని తేల్చలేదు. ఫోన్లలో తిరిగే ‘పెరుగుతో ఫస్ట్ ర్యాంక్’ వీడియోలను నేను నమ్మను.

నేను నమ్మేది, భయపడేది వేరే ఉంది. దాన్ని మన పెద్దలు కంఠసర్పి అన్నారు. ఇంగ్లీషులో డిఫ్తీరియా. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి ఆడనివ్వని జబ్బు. దీన్ని తెచ్చే బ్యాక్టీరియాకు తనంతట తానుగా ఆ విషం తయారుచేసే శక్తి లేదు. విషానికి కావలసిన జన్యువును దానికి తెచ్చి ఇచ్చేది ఒక ఫేజ్. 1951లో అమెరికాలో విక్టర్ ఫ్రీమన్ ఈ సంగతి బయటపెట్టారు. విషం లేని బ్యాక్టీరియాకు ఫేజ్ సోకిస్తే, దాని నుంచి విషం చేసే బ్యాక్టీరియా పుట్టుకొచ్చింది. అంటే వైరస్ బ్యాక్టీరియాను చంపకుండా దానిలో కాపురం పెట్టి, దాని చేతికి కత్తి ఇచ్చిందన్నమాట.

ఆ విషం కణాల్లో ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. గుండెను దెబ్బతీస్తుంది, నరాల మీది పొరను పాడుచేస్తుంది. గొంతు నొప్పి తగ్గి, ఇంట్లో అంతా ఊపిరి పీల్చుకున్నాక, కొన్ని వారాలకు పిల్లవాడి మాట ముక్కుతో వస్తుంది. తాగిన నీళ్లు ముక్కులోంచి బయటికి వస్తాయి. పుస్తకంలో అక్షరాలు మసకబారతాయి. కొందరికి కాళ్లూ చేతులూ సత్తువ కోల్పోతాయి. చాలామంది నెమ్మదిగా కోలుకుంటారు, కానీ అందరికీ ఆ అదృష్టం ఉండదు. వెనక బెంచీ ప్రశ్నకు రెండో జవాబు ఇదే: భక్షకి మనల్ని ముట్టకుండానే మన నరాలను కొట్టగలదు. పక్షుల్లో ఇలాంటిదే బొటులిజం. వాటిలో ఎక్కువగా వచ్చే సి రకం విషపు జన్యువును మోసేదీ ఫేజే. 2019లో రాజస్థాన్ సాంభర్ సరస్సు ఒడ్డున వేలాది పక్షులు రెక్కలు, మెడలు వాలిపోయి చనిపోయింది బొటులిజంతోనే. మీలో జైపూర్ నుంచి వచ్చినవాళ్లకు గుర్తుండవచ్చు.

కంఠసర్పి పాతకాలపు జబ్బు కదా అంటారేమో. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఈ శతాబ్దంలోనూ డిఫ్తీరియా పిల్లలు చేరుతూనే ఉన్నారు. వారిలో పాలు తాగే పసివాళ్లే కాదు, బడికి వెళ్లే వయసువాళ్లూ ఉన్నారు. పసితనంలో వేసిన టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ఏడాదిన్నర వయసులో ఒకటి, ఐదారేళ్లకు ఒకటి, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ అని మళ్లీ మళ్లీ వేస్తారు. టీడీలో ‘డి’ అక్షరం డిఫ్తీరియాదే. ఆ టీకా నేర్పేది బ్యాక్టీరియాతో యుద్ధం కాదు, ఫేజ్ ఇచ్చిన ఆ కత్తిని పట్టుకోవడం.

మన ఇళ్లలో సరిగ్గా ఈ డోసులే తప్పిపోతాయి. మొదటి మూడూ అమ్మమ్మగారి ఊళ్లో పడతాయి. ఏడాదిన్నర డోసు ఒక రాష్ట్రంలో, ఐదేళ్లది ఇంకో రాష్ట్రంలో. పదేళ్లు వచ్చేసరికి లారీలో సామాను ఉంటుంది, కొత్త ఊళ్లో ఏ ఆసుపత్రి ఎక్కడుందో తెలియదు. గ్యాస్ కనెక్షన్ మార్చాలి, టీసీ తేవాలి, యూనిఫాం కుట్టించాలి. టీకా కార్డు ఎవరికి గుర్తుంటుంది? ఇతరుల మాట ఎందుకు, మా అమ్మాయికి పదేళ్ల డోసు వేయించడానికి వెళ్లినప్పుడు “ఐదేళ్లది పడిందా?” అని నర్సు అడిగారు. మూడు బదిలీలు చేసిన నేను తెల్లమొహం వేశాను. వ్యాకరణంలో తప్పులు పట్టే అమ్మను చూసి మా అమ్మాయి జాలిపడింది.

నా అభిప్రాయం ఇది. బడి మారేటప్పుడు టీసీతో పాటు టీకాల కాగితం నకలు కూడా వెళ్లాలి. మార్కుల జాబితా పోతే గగ్గోలు పెట్టే మనం, ఈ కాగితం పోతే పట్టించుకోం. అయితే కార్డు లేదని ఏ పిల్లకూ సీటు ఆపకూడదు. ఆ పేరు ఆరోగ్య కార్యకర్తకు పంపితే చాలు. కార్డు పోయినా ఏ డోసు నుంచి మొదలుపెట్టాలో డాక్టర్లు చూసుకుంటారు. ఇప్పుడు పుట్టే పిల్లలకు యూ-విన్ పోర్టల్ ఉంది. మీరు మాత్రం కాగితం కాలం పిల్లలు.

ఈ నెల మొదటి సోమవారం మా తరగతికి ఇంటిపని ఇచ్చాను: కార్డు వెతికి, ఎన్ని డోసులు పడ్డాయో తెలుగు అంకెల్లో రాసుకురావాలి. వెనక బెంచీ అబ్బాయి ఇంకా తేలేదు. “మాది జోధ్‌పూర్ పెట్టెలో ఉందట మేడమ్, అమ్మ ఆదివారం విప్పుతానంది” అన్నాడు.