డబ్బా ఏదైనా ఫర్వాలేదు... మెట్టు తప్పకూడదు!

‘మా కాలేజీలో ల్యాబ్ సరిగా లేదు, అందుకే ప్రాజెక్టు బయట కొన్నాం.’ క్యాంపస్ ఇంటర్వ్యూలో ఈ మాట పైకి అనేవాళ్లు తక్కువ, మనసులో అనుకునేవాళ్లు ఎక్కువ. ల్యాబ్ లేదన్నది నిజమే కావచ్చు. కానీ ఎదుట కూర్చున్నవాళ్లకు కావాల్సింది ఇంకొకటి: ‘ఉన్నవాటితో నువ్వేం చేశావ్?’ దీనికి జవాబు వెతుక్కునేవాళ్లు రేకు డబ్బాలతో చేసే వాయిద్యాల గురించి ఒకసారి తెలుసుకోవాలి.

దక్షిణ అమెరికాలో పరాగ్వే రాజధాని అసున్సియోన్ పక్కన కటేఉరా అనే చోట పెద్ద చెత్త డంపు ఉంది. అందులో పనికొచ్చేవి ఏరి అమ్ముకునే కుటుంబాలు ఆ చుట్టుపక్కలే బతుకుతాయి. 2006లో రీసైక్లింగ్ పని మీద అక్కడికెళ్లిన ఫావియో చావెజ్ వాళ్ల పిల్లలకు సంగీతం నేర్పడం మొదలుపెట్టారు. పిల్లలు ఎక్కువ, వాయిద్యాలు తక్కువ. కొందామంటే వయొలిన్ ధర అక్కడి ఇంటి ధరను మించిపోతుంది. అప్పుడు నికొలస్ గోమెజ్ అనే చెత్త ఏరుకునే వ్యక్తి డబ్బాలు, వంట ట్రేలు, ఫోర్కులు, చెక్క ముక్కలతో వయొలిన్లు, గిటార్లు, చెలోలు చేసి ఇచ్చాడు. ఆ పిల్లల ఆర్కెస్ట్రా దేశాలు తిరిగింది. 2014లో మెటాలికా రాక్ బృందం దక్షిణ అమెరికా పర్యటనలో వేదికెక్కింది.

ఈ కథ చెప్పినవాళ్లు సాధారణంగా ‘సంకల్పం ఉంటే చాలు’ అని ముగిస్తారు. నా అభ్యంతరం అక్కడే. సంకల్పం ఒక్కటే ఉంటే డబ్బా మోగుతుంది, పాట పలకదు. గోమెజ్‌కు వడ్రంగం వచ్చు. అసలు కీలకం అది.

డబ్బా గిటార్ ఎలా పనిచేస్తుందో చూడండి. దక్షిణాఫ్రికాలో అయిదు లీటర్ల నూనె డబ్బాలతో వీటిని చేస్తారు. మామూలు గిటార్‌కు ఆరు స్టీలు తీగలు బిగిస్తే అన్నీ కలిపి దాదాపు 70 కిలోల బరువుతో సమానమైన లాగుడు పడుతుంది. పల్చటి రేకు దాన్ని తట్టుకోలేదు, నొక్కుకుపోతుంది. అందుకే గట్టి కర్రను డబ్బా ఈ చివర నుంచి ఆ చివర దాకా దూరుస్తారు. లాగుడంతా కర్ర మోస్తుంది, రేకు మోగుతుంది. ఇక వీణకు ఉన్నట్టే గిటార్‌కూ మెట్లుంటాయి. తీగ పొడవు 65 సెంటీమీటర్లయితే పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, అంటే 32.5 దగ్గర పడాలి. మొదటి మెట్టు తీగ మొదలైన చోటు నుంచి దాదాపు 3.65 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే అపస్వరమే.

అంటే డబ్బా నూనెదా, పెయింటుదా, కొత్తదా, సొట్టపడిందా అన్నదాంట్లో రాజీ పడొచ్చు. నాదం కాస్త గరుకుగా ఉంటుంది, అంతే. మెట్ల కొలతలో మాత్రం రాజీ కుదరదు. ఏది మార్చుకోవచ్చో, ఏది మార్చకూడదో తెలియడమే నైపుణ్యం.

మన చదువుకూ ఇదే లెక్క. పాత ల్యాప్‌టాప్ అయినా, ఉచిత సాఫ్ట్‌వేర్ అయినా, సెకండ్ హ్యాండ్ పుస్తకాలైనా ఫర్వాలేదు. అవి డబ్బాలు. బేసిక్స్, మీరు రాసిన కోడ్‌లో ప్రతి లైనూ ఎందుకుందో చెప్పగలగడం, తీసిన రీడింగ్‌ను మళ్లీ సరిచూసుకోవడం... ఇవి మెట్లు. బయట కొన్న ప్రాజెక్టు తళతళలాడే డబ్బా లాంటిది, మెట్లు ఎక్కడున్నాయో కొన్నవాళ్లకే తెలియదు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు. హాస్టల్ మెస్ లెక్కల కోసం మీరే చేసిన చిన్న యాప్ దానికన్నా నయం. అది ఎక్కడ ఆగిపోయిందో, ఎలా సరిచేశారో చెప్పగలరు.

ఒక హెచ్చరిక. ‘చెత్తతోనే అంత చేశారు, మీకు ల్యాబ్ ఎందుకు?’ అని యాజమాన్యాలు అంటే ఒప్పుకోకండి. కటేఉరా పిల్లలకూ మంచి వయొలిన్లు అందాల్సిందే. ఫీజు కట్టిన విద్యార్థి ల్యాబ్ అడగడం హక్కు. అడుగుతూనే ఉండండి. అయితే ల్యాబ్ వచ్చేదాకా ప్లేస్‌మెంట్ తేదీ ఆగదు కదా!

అందుకే ఈ వారం మీ రెజ్యూమె ఒకసారి తెరవండి. ప్రతి ప్రాజెక్టు పక్కన రెండు వాక్యాలు రాసుకోండి: ఏది లేక దేనితో సరిపెట్టుకున్నాను? ఎక్కడ అస్సలు రాజీ పడలేదు? రాయగలిగితే ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ దగ్గర సరుకున్నట్టే. రాయలేకపోతే ఆ ప్రాజెక్టు కొట్టేసి, చిన్నదైనా సొంతంగా ఒకటి మొదలుపెట్టండి.