పత్తి యార్డు చూడకుండా యాప్ రాయొచ్చా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి కోడింగ్ కాక ఇంకేం కావాలని ఇంజనీరింగ్ చివరి ఏడాది పిల్లల్ని అడిగితే, చాలామంది నోట వచ్చే మాట కమ్యూనికేషన్ స్కిల్స్. మన కోచింగ్ సెంటర్ల లెక్కలో దానర్థం స్పోకెన్ ఇంగ్లిష్, బెరుకు లేకుండా కూర్చునే తీరు, ఇంటర్వ్యూకు ముందే బట్టీపట్టిన నాలుగు జవాబులు. కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు నుంచి బెంగళూరు, హైదరాబాద్ బస్సెక్కే పిల్లలు తమ లోటంతా ఇంగ్లిష్‌లోనే ఉందని నమ్ముతున్నారు. ఆ నమ్మకం వారికి మేలు చేయడం లేదు. ఎదుటి మనిషి పని తనకు పూర్తిగా అర్థమయ్యేదాకా ఓపికగా అడగడం, విన్నదాన్ని తేటగా రాసిపెట్టడం, తాను అనుకున్నది తప్పని తేలితే మార్చుకోవడం, ఇవే మామూలు కోడర్‌ను గట్టి డెవలపర్‌ను చేస్తాయి. ఇవి ఆదోనిలోనే, తెలుగులోనే నేర్చుకోవచ్చు.

ఎక్కడికో వెళ్లక్కర్లేదు, పత్తి సంగతే చూడండి. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఆదోని ఒకటి. 2025-26 సీజన్లో పొడవు పింజ పత్తికి క్వింటాకు 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించారు. ఆ ధరకు భారత పత్తి సంస్థ (సీసీఐ)కి అమ్ముకోవాలంటే రైతు కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై, స్లాటు బుక్ చేసుకోవాలన్నారు. స్లాటు ఇవ్వడం కోడు రాసేవాడికి చిన్న పని: తేదీ, జిన్నింగ్ మిల్లు, ఖాళీలు, అంతే. కానీ పత్తిలో తేమ ఎనిమిది శాతం దాటితే ధరలో కోత పడుతుంది, పన్నెండు దాటితే కొనరు. స్లాటుకు ముందు రాత్రి వాన పడితే రైతు ఏం చేయాలి? పొలం యజమాని పేరున, పంట కౌలుదారు చేతిలో ఉంటే నమోదు ఎవరిది? కోసిగి, కౌతాళం వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు జిల్లాకు సుగ్గికి, అంటే పనుల కోసం వలస వెళ్తాయి. ఆధార్‌కు కలిపిన ఫోను వలస వెళ్లిన కొడుకు జేబులో ఉంటే, ఊళ్లో ఉన్న తండ్రికి ఓటీపీ చెప్పేదెవరు? స్మార్ట్‌ఫోన్ లేనివారు, కౌలు రైతులు పడ్డ అవస్థలు ఆ సీజన్లో రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లోనూ వచ్చాయి. ఈ ప్రశ్నల్లో ఒక్కటీ ప్రోగ్రామింగ్ పుస్తకంలో దొరకదు. యార్డులో లాట్ల మధ్య తిరిగితే, వ్యాపారి గుప్పెడు పత్తి తీసి నలిపి చూస్తున్నప్పుడు రైతు ముఖం గమనిస్తే, హమాలీతో, కమీషన్ ఏజెంటుతో రెండు పూటలు మాట్లాడితే దొరుకుతాయి.

ఈ రంగంలో తలపండినవారి మాటా ఇదే. ఐబీఎంలో భారీ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1986లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో అన్నిటికంటే కష్టమైనది ఏం కట్టాలో కచ్చితంగా తేల్చుకోవడమేనని అన్నారు. వినకపోతే ఎంత నష్టమో బ్రిటన్ చూసింది. అక్కడి పోస్టాఫీసులు 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థను వాడాయి. లెక్కల్లో డబ్బు తక్కువ చూపుతోందని, తప్పు యంత్రానిదని ఊళ్ల పోస్టుమాస్టర్లు మొత్తుకున్నా పైవారు వినలేదు. ఆ లోటుకు వారినే బాధ్యులను చేయడంతో తొమ్మిది వందల మందికి పైగా దోషులయ్యారు, కొందరు జైలుకు వెళ్లారు. శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసేసరికి 2024 వచ్చింది. ప్రోగ్రాములో తప్పులు ఎక్కడైనా ఉంటాయి. వాడేవాడు తప్పుందని చెప్పినప్పుడు నమ్మి వెతికే అలవాటు లేకపోవడమే అక్కడ కుటుంబాలను కూల్చింది.

ఎమ్మిగనూరులోనూ ఇలాంటి పాఠం ఉంది. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం నెలకొల్పారు, 1954లో పద్మశ్రీ అందుకున్నారు. సంఘం నూలు ఇస్తుంది, నేతగాడు బట్ట తెచ్చి ఇస్తాడు, కూలి లెక్క రాస్తారు. దీన్ని కంప్యూటర్‌కు ఎక్కించమంటే కొత్త కుర్రాడు మగ్గానికి ఒక పేరు రాసుకుని ముందుకు పోతాడు. మగ్గం మీద కూర్చునేది ఒకరే అయినా, ఇంట్లో కండెలు చుట్టేది భార్య, నూలు పని అందుకునేది పిల్లలు లేదా ముసలివాళ్లు. సొంత మగ్గం లేక పరాయి మగ్గం మీద కూలికి నేసేవారూ ఉంటారు. "ఈ పని ఇంకెవరు చేస్తారు?" అని అడగని డెవలపర్ రాసిన పట్టికలో వీళ్లకు గడే ఉండదు, గడి లేనివారికి రేపు పథకమూ అందదు.

నిబంధనలు పెట్టేది అధికారులు, అవసరాలు సేకరించేది బిజినెస్ అనలిస్టు, డెవలపర్‌కు ఇదంతా ఎందుకని అడగొచ్చు. నిజమే, కౌలుదారుకు హక్కు ఇవ్వడం డెవలపర్ చేతిలో లేదు. అయితే కాగితం మీద సాఫీగా కనిపించిన నిబంధన ఎక్కడ ఇరుక్కుంటుందో ముందుగా తెలిసేది కోడు రాసేవాడికే. ఆ సంగతి పైవారికి ఒక పేజీలో రాసి పంపగలగడం కూడా నైపుణ్యమే. కంపెనీలు ఇంటర్వ్యూలో కోడింగే అడుగుతాయన్న మాటకు బలం ఎక్కువ. ఆ గడప దాటాలంటే డేటా స్ట్రక్చర్లు రావాల్సిందే, ఇంగ్లిష్ చదివి రాయడమూ రావాల్సిందే. మాటలు తీపిగా ఉండి పని రానివాడిని ఎవరూ భరించరు. కానీ ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిన కోడు నిమిషాల్లో రాసిస్తోంది. దాన్ని ఏం అడగాలో, అది ఇచ్చినదాంట్లో ఏది ఆదోని రైతుకు పనికిరాదో చెప్పగలిగిన మనిషి విలువ దీనితో పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, సరిహద్దు దాటితే కన్నడ వింటూ పెరిగిన పిల్లలకు, భాష మారినా మనిషి చెప్పేది పట్టుకోవడం చిన్నప్పటినుంచే అలవాటు. దాన్ని లోటుగా చూడటం మానాలి.

జేఎన్‌టీయూ అనంతపురం పరిధిలోని కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టు తప్పనిసరి. హైదరాబాద్ అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొని సమర్పించే ప్రాజెక్టులకు మార్కులు ఆపి, కర్నూలు జిల్లా కాలేజీలైనా ఈ చివరి ఏడాది ప్రాజెక్టును యార్డుకో, నేత సంఘానికో, ఆర్టీసీ డిపోకో ముడిపెట్టాలి. నలుగురు విద్యార్థులు మొదటి నెల కోడు ముట్టకుండా అక్కడి పని చూసి, తెలుగులో నివేదిక రాయాలి. దాన్ని ఆ పని చేసేవారికే చదివి వినిపించి, వారు తప్పన్నచోటల్లా దిద్దాలి. ఎన్నిచోట్ల దిద్దారో, ఎందుకు దిద్దారో వైవాలో అడిగి, సగం మార్కులు దానికే వేయాలి.